‘ఫేబుల్డ్’ అన్న ఆంగ్ల విశేషణం: ఉన్నదానికా, లేనిదానికా?

అనువాదపథికుడు:

అన్వేషణ యాత్రల చరిత్రను గురించిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ‘ఫేబుల్డ్’ అన్న విశేషణం మూడు చోట్ల వచ్చింది. మొదట టింబక్టూ నగరానికి ముందు, తరువాత ఎల్ డొరాడోకు ముందు, చివరగా ఆ యాత్రలకు డబ్బు సమకూర్చిన ఒక సంఘం వారి ‘దూరదృష్టి’కి ముందు ఆ మాటను వాడారు. నా దగ్గరున్న నిఘంటువు ‘కల్పితమైన’ అనీ ‘ప్రసిద్ధమైన’ అనీ రెండు అర్థాలిచ్చి ఊరుకుంది. టింబక్టూ మాలీ దేశంలో ఈనాటికీ ఉన్న ఊరు కనుక దానిని కల్పితమనలేను. ఎల్ డొరాడో ఎవరికీ దొరకని చోటు కనుక దానిని ప్రసిద్ధమని మాత్రమే అంటే సగం అర్థం జారిపోతుంది. ఇక మూడో చోట రచయిత మెచ్చుకుంటున్నాడో వెక్కిరిస్తున్నాడో తేలడం లేదు. ఒకే రచయిత ఒకే మాటను మూడు అర్థాలలో వాడాడా, లేక నాకు పట్టుబడని ఒకే అర్థం మూడింటి వెనుకా ఉందా? లెజెండరీ, మిథికల్ అన్న మాటలకూ దీనికీ ఉన్న భేదం కూడా తెలిసినవారు వివరించగలరు.

నిఘంటుప్రియ:

మీ రెండో ఊహే సరైనది. మూడింటి వెనుకా ఒకటే అర్థం ఉంది, అయితే అది వస్తువును గురించినది కాదు, ఆ వస్తువు చుట్టూ పెరిగిన మాటలను గురించినది.

ఫేబుల్ అన్న నామవాచకం ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చినా, దాని పుట్టుక లాటిన్‌లోని ‘ఫాబులా’. దానికి ఆధారం ‘పలకడం, చెప్పడం’ అనే అర్థమున్న ‘ఫారీ’ అనే క్రియ. అదే క్రియ నుంచి ‘ఫామా’ అనే మాటా పుట్టింది. దాని నుంచే ఆంగ్లంలోని ‘ఫేమ్’, అంటే కీర్తి, ఏర్పడింది. అంటే కీర్తి, కట్టుకథ అనేవి ఆ భాషలో తోబుట్టువులు. నలుగురి నోట నానితే కీర్తి అవుతుంది, నాని నాని మారిపోతే కట్టుకథ అవుతుంది. పాత ఆంగ్లరచనల్లో ‘ఫేబుల్’ క్రియగా కూడా నడిచింది, దానికి కథలల్లడం, కల్లలాడడం అన్న అర్థాలుండేవి. ఆ క్రియనుంచి వచ్చిన ‘ఫేబుల్డ్’ మొదట ‘అల్లినది, లేనిది’ అన్న నిందార్థంతోనే ఉండేది. కాలక్రమంలో ‘కథలకెక్కినది’ అన్న అర్థం పైకి వచ్చి, నింద వెనక్కి తగ్గింది. నేటి వాడుకలో అది చెప్పేది ఇంతే: దీనిని గురించి జనం కథలు కథలుగా చెప్పుకొన్నారు. ఆ కథలు నిజమా కాదా అన్న తీర్పు ఆ మాటలో లేదు. ఆ తీర్పు దాని తరువాత వచ్చే నామవాచకాన్ని బట్టీ, పాఠకుడికి ముందే తెలిసినదాన్ని బట్టీ ఏర్పడుతుంది.

ఇంకొక్క జాగ్రత్త. ఫేబుల్ అనగానే మనకు జంతువులు మాట్లాడే నీతికథలు గుర్తుకు వస్తాయి. ‘ఫేబుల్డ్’కు వాటితో నేటి వాడుకలో సంబంధం లేదు.

పాతపుటలు:

టింబక్టూకు ఈ విశేషణం ఎందుకంతగా అతుక్కుపోయిందో చూస్తే నిఘంటుప్రియ గారు చెప్పినది ఇంకా తేటపడుతుంది. మాలీ చక్రవర్తి మన్సా మూసా 1324లో మక్కా యాత్రకు వెళుతూ కైరోలో పంచిపెట్టిన బంగారం ఎంతంటే, అక్కడ బంగారం విలువే పడిపోయిందని అరబ్బు చరిత్రకారులు రాశారు. 1375 నాటి కెటలన్ అట్లాసు అనే పటాల సంపుటంలో ఆ చక్రవర్తి చేతిలో బంగారు ముద్ద పట్టుకుని సింహాసనం మీద కూర్చున్నట్లు చిత్రించారు. తరువాత లియో ఆఫ్రికానస్ అనే యాత్రికుడు రాసిన ఆఫ్రికా వర్ణన 1550లో ఇటలీలో అచ్చయింది. టింబక్టూ రాజు సంపదను గురించి అందులో ఉన్న మాటలు యూరపు అంతటా పాకాయి. ఊరు నిజం, వ్యాపారం నిజం, అక్కడి విద్యాకేంద్రాలూ రాతప్రతులూ నిజం. అయితే యూరపు పాఠకులలో దానిని కళ్ళారా చూసినవారు లేకపోవడం వల్ల, ప్రతి తరమూ తనకు తోచినంత బంగారాన్ని ఆ ఊరి ఇళ్ళ కప్పులకు పూస్తూ పోయింది.

పారిస్‌లోని భౌగోళిక సంఘం ఆ ఊరికి వెళ్ళి తిరిగి వచ్చి వర్ణించినవారికి పదివేల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. స్కాట్లాండుకు చెందిన గోర్డన్ లాయింగ్ 1826లో చేరుకున్నాడు కానీ తిరుగు ప్రయాణంలో హతుడయ్యాడు. 1828లో మారువేషంలో వెళ్ళిన ఫ్రెంచివాడు రెనే కాయే ప్రాణాలతో తిరిగి వచ్చాడు. అతడు చూసినది మట్టి ఇళ్ళ ఊరు. బంగారు కప్పులు లేవు. విశేషమేమంటే, ఆ వర్ణన వచ్చిన తరువాత కూడా ఆంగ్లరచయితలు టింబక్టూ ముందు ‘ఫేబుల్డ్’ను తీసివేయలేదు. ఊరి ఉనికి రుజువైనా, ఊరిని గురించి కథలు నడిచాయన్న వాస్తవం చెరిగిపోదు కదా. ఆ విశేషణం నిలబడింది ఆ వాస్తవం మీదే.

ఎదురుప్రశ్న:

తీర్పు అసలే లేదనడం కొంచెం అతిగా తోస్తున్నది. పారిస్ నగరాన్ని గురించి ఎన్నో కథలున్నాయి, అయినా ‘ఫేబుల్డ్’ దాని ముందు సహజంగా రాదు. దానిలోని ఏదో పాత భోజనశాలకో మూతపడిన నాటకశాలకో వస్తుంది. అంటే వస్తువు కంటికి ఎదురుగా, చేతికి అందేంత దగ్గరగా ఉంటే ఈ మాట పట్టదు. దూరం ఉండాలి. అది దేశపరమైన దూరం కావచ్చు, కాలపరమైనది కావచ్చు, లేదా సామాన్యులకు ప్రవేశం లేకపోవడం వల్ల ఏర్పడినది కావచ్చు. ఆ దూరం వల్లనే కొంత సందేహం కూడా మాటలో మిగిలే ఉంటుంది.

ఎల్ డొరాడో సంగతే చూడండి. స్పానిష్‌లో ఆ పేరుకు ‘బంగారు పూత పూసినవాడు’ అని అర్థం, అంటే మొదట అది ఊరు కాదు, మనిషి. నేటి కొలంబియాలోని ముయిస్కా జాతివారి పాలకుడు ఒంటినిండా బంగారు పొడి పూసుకుని గ్వాటవీటా సరస్సులో తెప్ప మీద వెళ్ళి కానుకలు సమర్పించేవాడన్న కథనం దాని మూలం. 1969లో కొలంబియాలోనే ఒక గుహలో దొరికిన చిన్న బంగారు తెప్ప బొమ్మ ఇప్పుడు బొగోటాలోని స్వర్ణ సంగ్రహాలయంలో ఉంది. అలాంటి ఆచారం ఉండేదనడానికి అది బలమైన ఊతం. కానీ స్పెయిన్ వారి నోళ్ళలో మనిషి నగరంగా, నగరం రాజ్యంగా పెరిగి, చోటు మార్చుకుంటూ పోయింది. ఆంగ్ల నావికుడు వాల్టర్ రాలీ 1595లోనూ మళ్ళీ 1617లోనూ దానికోసం గయానా వైపు నౌకలు నడిపాడు, దొరకలేదు. ఇప్పుడు చెప్పండి, ‘ఫేబుల్డ్ ఎల్ డొరాడో’ అన్నప్పుడు ఆ విశేషణం దేనికి చెందుతుంది? తెప్ప మీది మనిషికా, లేని నగరానికా?

నిఘంటుప్రియ:

దూరం గురించి మీరన్నది ఒప్పుకోదగినదే. సందేహం మాత్రం దూరం నుంచి వస్తున్నది కానీ మాట నుంచి కాదని నా అభిప్రాయం. మీ చివరి ప్రశ్నకు నా జవాబు: రెండింటికీ చెందుతుంది, అందుకే ఆ మాట అక్కడ అంత బాగా కుదిరింది. ‘మిథికల్’ అని ఉంటే తెప్ప మీది మనిషి కూడా కొట్టుకుపోయేవాడు.

అనువాదపథికుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘మిథికల్’ ప్రస్తావన వచ్చింది కనుక, మిగిలిన సజాతీయ పదాల హద్దులు కూడా ఎవరైనా చెబితే నా పని సులువవుతుంది.

సూక్ష్మదర్శి:

అన్నింటినీ ఒకే కొలతతో చూడకుండా, దేనిలో చిక్కుందో దాని దగ్గర ఎక్కువసేపు నిలుస్తాను.

చిక్కంతా ‘లెజెండరీ’లో ఉంది. మధ్యయుగపు లాటిన్‌లో ‘లెజెండా’ అంటే చదవవలసినవి అని అర్థం. క్రైస్తవ మఠాలలో, ఆలయాలలో ఆయా రోజులకు తగినట్లు చదివే సాధువుల చరిత్రలను అలా పిలిచేవారు. 13వ శతాబ్దంలో యాకోబుస్ ద వొరాజినే కూర్చిన అలాంటి సంపుటం విశేషంగా వ్యాపించింది, దాని ఆంగ్లరూపాన్ని ఇంగ్లండుకు చెందిన ముద్రాపకుడు కాక్స్టన్ 1483లో అచ్చువేశాడు. ఆ చరిత్రలలో నమ్మశక్యం కాని మహిమలు ఎక్కువ కావడంతో, చదవవలసినది అన్న మాట క్రమంగా నమ్మలేనిది అన్న వైపు జరిగింది. పాత అర్థం పూర్తిగా పోలేదు. నాణెం మీది అక్షరాలను, పటం పక్కన గుర్తులను వివరించే పట్టికను ఇప్పటికీ లెజెండ్ అంటారు, ఎందుకంటే అవి చదవడానికి ఉన్నవి. ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి ‘లెజెండరీ’ మరొక మలుపు తిరిగి, బతికి ఉన్న గాయకులకూ ఆటగాళ్ళకూ బిరుదుగా మారింది. కాబట్టి ‘లెజెండరీ కింగ్’ అన్న పదబంధం కనబడితే, ఆర్థర్ వంటి ఐతిహ్యపు రాజా, లేక చరిత్రలో నిజంగా ఏలిన మహారాజా అన్నది సందర్భం చూడకుండా చెప్పలేము. చరిత్రగ్రంథంలో మొదటిది, పత్రికలో రెండోది కావడానికి అవకాశం ఎక్కువ. కంప్యూటర్ ఆటల్లో ఆయుధాల అరుదుదనానికి అదొక తరగతి పేరు అయిపోయింది, అక్కడ కథ అన్న వాసన కూడా మిగలలేదు. ‘ఫేబుల్డ్’ ఇంతవరకు ఆ గతి పట్టలేదు, బతికి ఉన్న మనిషికి దానిని బిరుదుగా తగిలించడమూ అరుదే.

‘మిథికల్’లో ఇంత గందరగోళం లేదు. పురాణగాథలకు సంబంధించినది అన్నది ఒక అర్థం, లేనిది అన్నది మరొకటి. రోజువారీ వాక్యంలో ఎవరైనా దేనినైనా మిథికల్ అన్నారంటే, అది లేదని చెప్పడానికే అన్నారు. దాని పక్కనే ‘మిథిక్’ అని పొట్టి రూపం ఉంది, అది మాత్రం పురాణాల స్థాయికి తగిన గొప్పతనాన్ని చెబుతుంది. రెండింటినీ కలిపేస్తే అనువాదంలో పొగడ్త కాస్తా కొట్టివేత అవుతుంది.

‘ఫ్యాబ్యులస్’ పుట్టుకలో ‘ఫేబుల్డ్’కు దగ్గర చుట్టమే. 18వ శతాబ్దపు ఆంగ్ల చరిత్రకారులు ఒక వృత్తాంతాన్ని ఫ్యాబ్యులస్ అన్నారంటే అది కట్టుకథ, లెక్కలోకి తీసుకోరాదని అర్థం. అదే మాట ఇప్పుడు ‘భలేగా ఉంది’ అన్నంత తేలికైపోయింది. పాత పుస్తకాలు అనువదించేవారు ఇక్కడ తప్పటడుగు వేస్తే, చరిత్రకారుడు తోసిపుచ్చిన కథను అతని చేతనే మెచ్చుకోలుగా చెప్పించినట్లవుతుంది.

‘స్టోరీడ్’లో సందేహపు ఛాయే లేదు. సుదీర్ఘమైన, చెప్పుకోదగిన చరిత్ర ఉన్న సంస్థకో వృత్తిజీవితానికో వాడతారు. భవనాల అంతస్తులను చెప్పేటప్పుడు వచ్చే అదే రూపంతో దీనిని పొరబడకూడదు, అయితే రెండింటి మూలమూ లాటిన్ ‘హిస్టోరియా’యే అన్నది ఆసక్తికరం.

మరొక మాట చెప్పి ముగిస్తాను. ‘అపోక్రిఫల్’, అంటే ప్రచారంలో ఉన్నా ఆధారం లేనిది, వస్తువుకు కాక వృత్తాంతానికి తగిలే విశేషణం. రొట్టె లేకపోతే కేకు తినమని ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్ అన్నదన్న కథ అపోక్రిఫల్. ఆ కథకు ఎక్కిన రాణిగారి విలాసాలు కావాలంటే ఫేబుల్డ్.

వ్యాకరణాభిలాషి:

అర్థం మాట అలా ఉంచి, వాక్యంలో దీని నడక చూడండి. ‘ఫేబుల్డ్’ ముందు దాదాపు ఎప్పుడూ ‘ద’ అన్న నిశ్చయ ఉపపదమే ఉంటుంది. ‘ఎ’ అన్న అనిశ్చయ ఉపపదంతో వచ్చేది తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. నలుగురూ చెప్పుకొన్నది కనుక మీరూ వినే ఉంటారన్న భావనతో రచయిత మాట్లాడుతున్నాడు. పాఠకుడు ఎన్నడూ వినని దానిని ఈ మాటతో పరిచయం చేస్తే వాక్యం తడబడుతుంది, ‘ఎవరు చెప్పుకొన్నారు?’ అన్న ప్రశ్న పుడుతుంది. పర్యాటక ప్రకటనలు రాసేవారు ఈ లొసుగునే వాడుకుంటారు. ఎవరూ ఎరుగని సముద్రతీరాన్ని ‘ద ఫేబుల్డ్’ అని మొదలుపెడితే, వినకపోవడం తన లోపమేమోనని పాఠకుడే సర్దుకుంటాడు.

‘వెరీ’తో ఇది కలవదు. కథలకెక్కినది కథలకెక్కినదే, మరీ ఎక్కువగా ఎక్కడం ఉండదు. ‘మోస్ట్’తో మాత్రం కలుస్తుంది, ఎక్కువ కథలున్నవి కొన్ని ఉంటాయి కనుక. నామవాచకం తరువాత వచ్చేటప్పుడు ‘ఫర్’ తోడు కావాలి: ఫలానా నగరం తన సంపదకు ‘ఫేబుల్డ్ ఫర్’ అంటారు. ‘టు’తో క్రియను కలిపినప్పుడు అర్థం తిరిగి కథ వైపు ఒరుగుతుంది: ఆ సరస్సు నిధిని దాచుకున్నట్లు ‘ఫేబుల్డ్ టు’ అంటే, అలా చెప్పుకొంటారు, నేను పూచీ పడను అని రచయిత తప్పుకుంటున్నాడు.

తేటతెలుగు:

మరి తెలుగులో ఏమనాలి? పథికుడు గారు అడిగిన అసలు ప్రశ్న అదే కదా. టింబక్టూను ‘పురాణప్రసిద్ధ’ అని రాయడం నేను చూశాను. అది సరికాదు. మనకు పురాణమంటే ఒక నిర్దిష్టమైన వాఙ్మయం, టింబక్టూ ఏ పురాణంలోనూ లేదు. ‘పుక్కిటి పురాణం’ అంటే బొత్తిగా ఎగతాళి. ‘సుప్రసిద్ధ’ అంటే కథ అన్న భాగం ఎగిరిపోతుంది.

నా సూచన ‘ప్రతీతి’. ఈ మాటకు తెలుగులో కీర్తి అన్న అర్థమూ ఉంది, జనం నమ్మిక అన్న అర్థమూ ఉంది. ‘సంపదకు ప్రతీతి గాంచిన నగరం’ అంటే ఊరు ఉంది, పేరూ ఉంది. ‘అక్కడ బంగారు నగరం ఉందని ప్రతీతి’ అంటే చెప్పేవాడు పూచీ తీసుకోలేదు. వ్యాకరణాభిలాషి గారు చెప్పిన ‘ఫర్’, ‘టు’ భేదం ఇక్కడ ‘కు’ విభక్తితోనూ ‘అని’తోనూ అచ్చంగా పలుకుతున్నది. రెండు భాషలలో రెండు దారులు వచ్చి ఇంత చక్కగా ఒకచోట కలవడం అరుదు. నామవాచకానికి ముందే విశేషణంగా కావలసి వస్తే ‘కథలకెక్కిన’ అనండి, అచ్చతెలుగుగా ఉంటుంది, తీర్పు చెప్పదు.

తర్కపాఠి:

‘లెజెండ్’కు మనం వాడే ‘ఐతిహ్యం’ గురించి ఒక మాట. ‘ఇతి హ’, అంటే ‘ఇలాగట’ అన్నదాని నుంచి వచ్చినది అది. ఎవరు మొదట చెప్పారో తెలియకుండా పరంపరగా వచ్చే మాట ఐతిహ్యం. ‘ఈ మర్రిచెట్టు మీద యక్షుడున్నాడు’ అన్నది తర్కగ్రంథాలలో దీనికి ఇచ్చే ఉదాహరణ. ఐతిహ్యాన్ని వేరే ప్రమాణంగా, అంటే జ్ఞానసాధనంగా, లెక్కించాలా వద్దా అన్న చర్చ తర్కశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాల్లోనే ఉంది, దానిని శబ్దప్రమాణంలోనే, అంటే నమ్మదగినవారి మాటలోనే, చేర్చి ముగించారు. అంటే మన వాళ్ళు ఐతిహ్యాన్ని అబద్ధమని తోసివేయలేదు, చెప్పినవాడు తెలియని సాక్ష్యంగా చూశారు. అందుచేత ‘ఐతిహ్య ప్రసిద్ధమైన’ అన్న ప్రయోగం ‘ఫేబుల్డ్’కు బాగా అతుకుతుందని నా మతం.

తేటతెలుగు:

భావం అతుకుతుంది, నాలుక అతకదు. వ్యాసం చదివేవారికి ‘ఐతిహ్య ప్రసిద్ధ’ దగ్గర ఊపిరి ఆగుతుంది.

తర్కపాఠి:

పాఠకుడు ఒక్క క్షణం ఆగితే నష్టమేమీ లేదు. పరిశోధన వ్యాసమైతే నేను దానినే వాడతాను.

పాతపుటలు:

మూడో ఉదాహరణను అందరూ మరచినట్లున్నారు. ఒక సంఘం వారి ‘ఫేబుల్డ్’ దూరదృష్టి అన్నది నా దృష్టిలో వెటకారమే. గుణాన్ని చెప్పే నామవాచకం ముందు, అందులోనూ ఆ గుణాన్ని ఇతరులు పొగడుతుండగా, ఈ విశేషణం వస్తే ‘చెప్పుకోవడమే కానీ మేము చూడలేదు’ అన్న ధ్వని పుడుతుంది. తీర్పు చెప్పని మాట కావడం వల్లనే ఇది వ్యంగ్యానికి అంత అనువుగా ఉంది. రచయిత ఏ నిందా మోపలేదు, చెప్పుకొంటారని మాత్రమే అన్నాడు. పక్క వాక్యంలో వైఫల్యం ఏదైనా కనబడితే వ్యంగ్యమని నిశ్చయించుకోవచ్చు.

ఎదురుప్రశ్న:

అది సరే. ఉనికి తేలిన తరువాత విశేషణం మారిన సందర్భాలు కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. నావికుల కథలలో క్రాకెన్ అనే రాక్షస జలచరం ఉండేది. 1857లో స్టీన్‌స్ట్రుప్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త మహా స్క్విడ్‌కు శాస్త్రీయ నామం ఇచ్చాడు, 2004లో జపాన్ పరిశోధకులు సముద్రంలో బతికి ఉన్నదానిని ఫొటో తీశారు. ఇప్పుడు ‘ఫేబుల్డ్’ క్రాకెన్ దగ్గరే నిలిచిపోయింది, స్క్విడ్‌కు రావడం తగ్గింది. ఒంటికొమ్ము గుర్రానికి అదృష్టం వేరే విధంగా పట్టింది. దాని కొమ్ములని అమ్మినవి నార్వాల్ అనే తిమింగలపు దంతాలని 1638లోనే డెన్మార్క్ పండితుడు ఓలె వర్మ్ నిరూపించాడు, జంతువు కథకే పరిమితమై పోయింది, విశేషణం మాత్రం దానిని విడవలేదు. టింబక్టూ విషయంలో ఊరికీ కథకూ పేరు ఒకటే కావడం వల్ల రెండూ విడిపోలేదని నా ఊహ.

నిఘంటుప్రియ:

పేరు ఒకటే కావడం అన్న మీ ఊహకు గోల్కొండ కూడా సాక్ష్యమే. ఆంగ్లంలో ‘ఫేబుల్డ్’తో తరచుగా జతకట్టే పేర్లలో అది ఒకటి, పైగా తరగని సంపదకు ఆధారమైన దేనికైనా ‘గోల్కొండ’ అన్న సామాన్య నామం వారి నిఘంటువులలో చేరింది. వజ్రాలు తవ్వినది కృష్ణానది పరిసరాలలోని కొల్లూరు వంటి గనులలో, గోల్కొండ వాటి వర్తక కేంద్రం. దూరాన ఉన్నవారి కథల్లో బజారే గని అయిపోయింది.

అనువాదపథికుడు:

ఇప్పుడు మూడు చోట్లా ఏమి రాయాలో కుదిరింది. టింబక్టూ దగ్గర ‘కథలకెక్కిన టింబక్టూ నగరం’ అని పెడుతున్నాను. ఎల్ డొరాడో దగ్గర వాక్యాన్ని విడగొట్టి, ‘అడవుల ఆవల ఎల్ డొరాడో అనే బంగారు రాజ్యం ఉందని ప్రతీతి, దాని కోసమే ఆ నౌకలు కదిలాయి’ అని రాస్తున్నాను. మూడో చోట పక్క వాక్యం చూశాను. ఆ సంఘం వారు పంపిన పడవలు నది లోతు తెలుసుకోకుండా కట్టినవట. కనుక ‘అందరూ వేనోళ్ళ పొగిడే ఆ సంఘం వారి దూరదృష్టి’ అని రాస్తే వ్యంగ్యం నిలుస్తుందా, లేక పొగడ్తగానే మిగిలిపోతుందా?

తేటతెలుగు:

‘వేనోళ్ళ పొగిడే’ అంటే నిజమైన పొగడ్తగా తీసుకునే ప్రమాదం ఉంది. ‘ఆ సంఘం వారికి ఉందని చెప్పుకొనే దూరదృష్టి’ అనండి. పడవల వాక్యాన్ని వెంటనే దాని కింద పెట్టండి, మధ్యలో మరే వాక్యమూ రానివ్వకండి.